పోషకాలు తగ్గకుండా తోటకూర, టమాటా పండించడం ఎలా?

మిద్దె తోట పెంచుకునేవారు, పెరట్లో నాలుగు మడులు వేసుకున్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: "సేంద్రియ పద్ధతిలో పండిస్తే పోషకాలు నిజంగా ఎక్కువ ఉంటాయా?" పద్ధతి పేరును బట్టి దీనికి జవాబు చెప్పలేం. 2012లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, సేంద్రియ ఆహారంలో పోషకాలు ఎక్కువని చెప్పడానికి బలమైన ఆధారం లేదన్నారు. 2014లో మరో బృందం 343 పరిశోధన పత్రాలను కలిపి చూసి, సేంద్రియ పంటల్లో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువగా, విష లోహమైన కాడ్మియం తక్కువగా ఉన్నాయని తేల్చింది. రెండు పద్ధతుల్లోనూ మంచి పంట తీసేవారూ ఉన్నారు, చెడగొట్టుకునేవారూ ఉన్నారు. మీ చేతిలో ఉండి, తేడా తెచ్చేవి విత్తనం, నత్రజని మోతాదు, ఎండ, నీరు, కోసే వేళ. వీటిని ఎలా సరిచూసుకోవాలో, ఫలితాన్ని ఇంట్లోనే ఎలా పరీక్షించుకోవాలో తోటకూరను, టమాటాను ఉదాహరణగా తీసుకుని కింద వివరిస్తున్నాను.

కావలసినవి

చదరపు మీటరు చొప్పున రెండు మడులు, లేదా ఒకే పరిమాణంలో ఉన్న గ్రో బ్యాగులు. బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు. ఒకే ప్యాకెట్టులోని విత్తనం. గ్రాముల్లో చూపే వంటింటి తూకం. నీటిలో నైట్రేటును చూపే పరీక్ష పట్టీలు (అక్వేరియం దుకాణాల్లోనూ ఆన్‌లైన్లోనూ దొరుకుతాయి). సూది లేని 5 మి.లీ. సిరంజి; మందుల దుకాణంలో దొరికే పొవిడోన్ అయోడిన్ ద్రావణం; 500 మి.గ్రా. విటమిన్ సి మాత్ర; పల్చటి గంజి; ఒక నోటు పుస్తకం. పుస్తకం లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఏ మడికి ఎంత ఎరువు వేశామో నెల తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు.

1. మట్టిని, నీటిని ముందుగా పరీక్షించండి

భూసార పరీక్ష కోసం దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ వ్యవసాయ శాఖ ప్రయోగశాలకు గానీ మట్టి ఇవ్వండి. సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక (పీహెచ్), పొటాష్‌తో పాటు జింకును కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి. దేశంలో పరీక్షించిన నేలల్లో మూడో వంతుకు పైగా జింకు లోపం ఉన్నవే. నేలలో లేని జింకును వేళ్లు ఆకుకు అందించలేవు.

నీటిని పరీక్షించడం చాలామంది మరచిపోతారు. బోరు నీటిలో పట్టీని ముంచి నైట్రేటు ఎంత ఉందో చూడండి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 45 మి.గ్రా. మీ బోరులో 200 మి.గ్రా. ఉందనుకోండి. చదరపు మీటరు మడికి రోజుకు 5 లీటర్ల చొప్పున 25 రోజులు పోస్తే, ఆ నీటితోనే సుమారు 5.6 గ్రాముల నత్రజని మట్టిలో చేరుతుంది. ఆకుకూర పంటకు కావలసిన నత్రజనిలో చాలా భాగం అక్కడే అందినట్టు. ఇది లెక్కలోకి తీసుకోకుండా పైన మళ్లీ ఎరువు వేస్తే మోతాదు రెట్టింపవుతుంది.

హెచ్చరిక: మురుగు కలిసిన నీటిని, నగర చెత్త నుంచి తీసిన కంపోస్టును ఆకుకూరలకు వాడకండి. తోటకూర, పాలకూర ఇనుముతో, జింకుతో పాటు సీసాన్ని, కాడ్మియాన్ని కూడా పీల్చుకుంటాయి, అవి ఎంత కడిగినా పోవు.

2. విత్తనం ఎంచుకోండి

ఏ పద్ధతిలో పండించినా, రకంలో లేని పోషకాన్ని ఎరువు తేలేదు. టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ డేవిస్ బృందం 2004లో 43 తోట పంటలకు సంబంధించి 1950, 1999 నాటి అమెరికా ప్రభుత్వ గణాంకాలను పోల్చి చూసింది. మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం, ఇనుము, రైబోఫ్లేవిన్, విటమిన్ సి అనే ఆరింటిలో తగ్గుదల కనిపించింది. దిగుబడి కోసం రకాలు మార్చుకుంటూ రావడమే దీనికి ప్రధాన కారణం కావచ్చని వారు భావించారు.

తోటకూరలో మీ ప్రాంతపు నాటు రకాన్ని, వీలైతే ఎర్ర తోటకూరను కూడా వేరే మడిలో వేసుకోండి. చిలగడదుంప (కందగడ్డ) వేసేవారు 'భూ సోనా' తీగలు దొరుకుతాయేమో కనుక్కోండి. మామూలు రకాల్లో 100 గ్రాములకు 2, 3 మి.గ్రా. బీటా కెరోటిన్ ఉంటే, ఇందులో 14 మి.గ్రా. ఉంటుంది. కాలీఫ్లవర్‌లో 'పూసా బీటా కేసరి' ఇలాంటిదే. రకం మార్చడంతో వచ్చే ఇంత పెద్ద తేడా ఎరువు మార్చడంతో రాదు.

3. రెండు మడులు సిద్ధం చేయండి

రెండింటికీ ఒకే మట్టి, ఒకే ఎండ, ఒకే నీరు ఉండాలి. ఒకదానికి 'అ', మరొకదానికి 'ఆ' అని పలక గుచ్చండి. 'అ' మడికి మీరు ఎప్పుడూ వేసే మోతాదు ఎరువు వేయండి. 'ఆ' మడికి కింద చెప్పిన లెక్క ప్రకారం వేయండి. చిటికెడు విత్తనాన్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లి, మొలిచాక ఒత్తుగా ఉన్నచోట పీకి, మొక్కకూ మొక్కకూ బెత్తెడు దూరం ఉంచండి. ఒక మడి తూర్పు గోడ నీడలోనూ మరొకటి నడి మిద్దె మీదా పెట్టి, వచ్చిన తేడా ఎరువు వల్లనే అనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు.

4. నత్రజనిని లెక్కపెట్టి వేయండి

ఈ వ్యాసంలో మీరు ఒక్క అంచెనే పాటించగలిగితే దీన్ని పాటించండి.

మొక్కకు అవసరానికి మించి నత్రజని దొరికితే ఆకు వేగంగా, పెద్దగా, ముదురు పచ్చగా పెరుగుతుంది. దాంతోపాటు దానిలో నీటి శాతం పెరిగి, విటమిన్ సి తగ్గి, వాడుకోలేక మిగిలిన నత్రజని నైట్రేటు రూపంలో కాడలోనూ ఈనెలలోనూ నిలవ ఉంటుంది. చూడటానికి కళకళలాడే కూర కాబట్టి ఎవరూ అనుమానించరు. యూరియా ఒక్కటే దీనికి కారణమని చాలామంది నమ్మకం. అది సరికాదు. కింది అంకెలు చూడండి:

పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం.
వర్మీ కంపోస్టులో 1 నుంచి 1.5 శాతం.
కోళ్ల ఎరువులో 2 నుంచి 3 శాతం.
వేప పిండిలో సుమారు 5 శాతం.
యూరియాలో 46 శాతం.

అంటే కిలో కోళ్ల ఎరువు వేస్తే, 45 నుంచి 65 గ్రాముల యూరియాలో ఉన్నంత నత్రజని వేసినట్టే. మా మిద్దె మీద ఒక ఏడాది ఒక మడికి కోళ్ల ఎరువు, వేప పిండి, పైన వారం వారం జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం) పోశాను. తోటకూర ఆకులు అరచేయంత వచ్చాయి, కాడలు బొటనవేలంత లావెక్కాయి. కోసి తెచ్చిన కట్ట సాయంత్రానికే సొమ్మసిల్లి, మూకుట్లో వేస్తే నీరంతా వదిలి పిడికెడు కూరే మిగిలింది. పక్క మడిలో పశువుల ఎరువు మాత్రమే వేసిన తోటకూర సగమే ఎదిగింది కానీ, కట్ట మరునాటికి కూడా నిలబడింది. వాడింది అంతా 'సేంద్రియమే' కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను; లెక్క వేసుకున్నాకే విషయం బోధపడింది.

'ఆ' మడికి చేయవలసింది ఇది: విత్తడానికి పదిహేను రోజుల ముందు చదరపు మీటరుకు 2 కిలోల చివికిన పశువుల ఎరువు, లేదా ముప్పావు కిలో వర్మీ కంపోస్టు కలిపి, తడిపి వదిలేయండి. వీటి నుంచి నత్రజని నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి మొత్తం ఒకేసారి మొక్కకు అందదు. మొలిచిన రెండు వారాలకు ఆకులు లేతపసుపుగా కనిపిస్తేనే మరో రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్టు మొదళ్ల దగ్గర వేయండి. యూరియా వాడేవారు చదరపు మీటరుకు మొత్తం 10 గ్రాములు మించకుండా, రెండు దఫాలుగా, నీటిలో కరిగించి పోయండి.

రసాయన ఎరువైనా జీవామృతమైనా, కోతకు పది రోజుల ముందే నత్రజని ఆపేయండి. పేడ, మూత్రం కలిసిన ద్రావణాలను ఆకులపై చల్లకుండా మట్టికే పోయండి. కొత్తిమీరలాగా పచ్చిగా తినేవాటి విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఏళ్ల తరబడి కంపోస్టు వేసిన మడికి ఏటా అదే మోతాదు వేయనక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో 1994 నుంచి 2004 దాకా దాచిన ఎండు టమాటా నమూనాలను పరీక్షించినప్పుడు, సేంద్రియ మడుల టమాటాల్లో పదేళ్ల సగటున క్వెర్సిటిన్ అనే యాంటీఆక్సిడెంటు 79 శాతం ఎక్కువగా ఉంది. ఆ తేడా ఏటికేడు పెరుగుతూ వచ్చింది, ముఖ్యంగా నేల బలపడి కంపోస్టు మోతాదు తగ్గించిన తరువాత. ఆ ఫలితంలో సేంద్రియ ఎరువు పాత్ర ఎంత ఉందో, పొదుపుగా వేయడం పాత్ర కూడా అంత ఉందని నా అభిప్రాయం.

5. ఎండ తగలనివ్వండి

నైట్రేటును మాంసకృత్తులుగా మార్చుకోవడానికి, విటమిన్ సి తయారు చేసుకోవడానికి మొక్కకు ఎండ కావాలి. రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా పడాలి. షేడ్ నెట్ వేసి ఏడాది పొడవునా అలాగే వదిలేయడం మిద్దె తోటల్లో సర్వసాధారణం. మార్చి చివర నుంచి జూన్ మొదటి వారం దాకా నెట్ అవసరమే, వర్షాకాలంలోనూ చలికాలంలోనూ తీసేయండి. నాలుగు రోజులు ముసురు పట్టి ఉంటే కోత వాయిదా వేసి, ఒకటి రెండు రోజులు మంచి ఎండ కాశాక కోయండి.

6. నీరు కట్టండి

తోటకూరకు మట్టి తడి ఆరకుండా చూస్తే చాలు. టమాటాకు మాత్రం కాయ రంగు తిరగడం మొదలయ్యాక నీటిని కొద్దిగా తగ్గించండి. కాయలు కొంచెం చిన్నవైనా రసం చిక్కబడుతుంది. మూడు రోజులు ఎండగట్టి నాలుగో రోజు ముంచెత్తితే కాయలు పగులుతాయి, కాల్షియం సరిగా అందక కింది భాగం నల్లబడి కుళ్లుతుంది.

7. లోపం ఉంటేనే జింకు పిచికారీ చేయండి

పరీక్షలో జింకు 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు) కంటే తక్కువ వస్తే, లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, విత్తిన పదిహేను రోజులకు ఒకసారి సాయంత్రం పూట పిచికారీ చేయండి. పురుగుమందులతోనూ, భాస్వరం ఎరువులతోనూ కలపకండి. లోపం లేనప్పుడు కొట్టిన జింకు వృథా.

8. కోసే వేళ పాటించండి

విత్తిన 25 నుంచి 30 రోజులకు, సాయంత్రం నాలుగు దాటాక తోటకూర కోయండి. పగలంతా ఎండలో నైట్రేటు ఖర్చవుతుంది, చక్కెరలు పెరుగుతాయి. తెల్లవారుజామున కోసిన కూర తాజాగా కనిపిస్తుంది కానీ, నైట్రేటు ఎక్కువగా ఉండేది అప్పుడే. సాయంత్రం కోయడం కుదరకపోతే ఉదయం కోసి, ముదురు కాడలు తీసేసి ఆకు మాత్రమే వండుకోండి. కోసిన కట్టను తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఉంచితే ఒకటి రెండు రోజుల్లోనే విటమిన్ సి చాలావరకు పోతుంది. కడిగాకే తరగండి, తరిగాక నీళ్లలో నానబెట్టకండి. వండిన ఆకుకూరను గంటల తరబడి బయట వదిలేస్తే నైట్రేటు ఒంటికి హాని చేసే నైట్రైటుగా మారుతుంది, కాబట్టి మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి.

టమాటాను సాధారణంగా చెట్టు మీదే పండనివ్వాలి. దీనికి మన ఎండాకాలంలో మినహాయింపు ఉంది. ఉష్ణోగ్రత 30, 32 డిగ్రీలు దాటితే కాయలో ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ తయారీ కుంటుపడుతుంది, పసుపు రంగునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో టమాటా భుజాల దగ్గర పసుపుగా, నారింజ రంగులో ఉండిపోవడం ఇందుకే. అప్పుడు కాయ కింది భాగంలో గులాబీ రంగు కనిపించగానే, దోరగా ఉన్నప్పుడే కోసి, ఇంట్లో చల్లటి చోట పరచి పండబెట్టండి. దోర కాయను ఫ్రిజ్‌లో పెడితే రంగూ రుచీ రెండూ రావు.

కొని తెచ్చుకునే పండ్ల గురించి ఒక మాట: కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం. ఆహార భద్రత నిబంధనలు ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా అనుమతిస్తాయి. ముదిరిన కాయను ఇథిలీన్‌తో మగ్గబెడితే పోషకాలకు పెద్ద నష్టం లేదు, నష్టం లేత కాయ కోయడంలో ఉంది.

ఫలితాన్ని సరిచూసుకోవడం

మొదటి పరీక్ష, ఎండు బరువు. రెండు మడుల నుంచి ఒకే సాయంత్రం 200 గ్రాముల చొప్పున ఆకు కోసి, కడిగి, నీరు ఆరాక తూచండి. ఒకే చోట నీడలో ఆరబెట్టి, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ఉంచి మళ్లీ తూచండి. ఎక్కువ ఎండు బరువు మిగిలిన మడి కూరలో నీరు తక్కువ, సారం ఎక్కువ. చిన్న తేడాను నమ్మకండి, 3 గ్రాములు దాటితేనే లెక్కలోకి తీసుకోండి.

రెండవది నైట్రేటు. 10 గ్రాముల కాడలను సన్నగా తరిగి, 90 మి.లీ. శుద్ధి చేసిన నీటితో మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి పట్టీని ముంచండి. వచ్చిన అంకెను పదితో గుణిస్తే కిలో కాడలో ఎన్ని మిల్లీగ్రాములో సుమారుగా తెలుస్తుంది. పోల్చుకోవడానికి: తాజా పాలకూరకు ఐరోపా సమాఖ్య పెట్టిన పరిమితి కిలోకు 3,500 మి.గ్రా. మీరు పరీక్షిస్తున్నది కాడ కాబట్టి మొత్తం కూరకంటే అంకె ఎక్కువే వస్తుంది. దాన్ని చూసి కంగారు పడకుండా 'అ', 'ఆ' మడుల మధ్య తేడానే చూడండి.

మూడవది విటమిన్ సి. ఆకుకూర రసం పచ్చదనంలో రంగు మార్పు తెలియదు కాబట్టి దీన్ని టమాటాకు, జామకు వాడండి. మాత్రను లీటరు నీటిలో కరిగించండి. పొవిడోన్ అయోడిన్ ద్రావణం 10 మి.లీ. తీసుకుని, నీరు కలిపి 50 మి.లీ. చేయండి. సబ్బు కలిసిన రకం పనికిరాదు. మాత్ర నీరు 10 మి.లీ. గ్లాసులో పోసి, చెంచాడు చల్లారిన గంజి కలిపి, సిరంజితో అయోడిన్ నీటిని చుక్క చుక్కగా వేస్తూ కలపండి. ముదురు నీలం రంగు ఇరవై సెకన్లు నిలిచినప్పుడు ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి. వడకట్టిన టమాటా రసం 10 మి.లీ. తో మళ్లీ అలాగే చేయండి. రసానికి పట్టిన మి.లీ.ను మాత్ర నీటికి పట్టిన మి.లీ.తో భాగించి 50తో గుణిస్తే, 100 మి.లీ. రసంలో సుమారుగా ఎన్ని మి.గ్రా. విటమిన్ సి ఉందో వస్తుంది. ఉదాహరణకు మాత్ర నీటికి 7, రసానికి 2.8 పడితే 20 మి.గ్రా. జామ రసాన్ని ఐదింతలు పల్చన చేసి, జవాబును ఐదుతో గుణించండి. పరీక్షించిన రసం తాగకూడదు, గ్లాసును వంటకు వాడకూడదు.

తరచుగా జరిగే పొరపాట్లు

రెఫ్రాక్టోమీటరులో (రసం చిక్కదనాన్ని కొలిచే చిన్న పరికరం) బ్రిక్స్ అనే అంకె ఎక్కువ వస్తే పోషకాలన్నీ ఎక్కువని ప్రచారం ఉంది. అది చూపేది ముఖ్యంగా చక్కెరలనే. జింకు, ఇనుము, కెరోటిన్ గురించి అది ఏమీ చెప్పదు.

ఒక్క కోత చూసి తీర్పు చెప్పకండి. తోటకూర వానాకాలంలో ఒకలా, మాఘంలో మరొకలా వస్తుంది. మూడు కోతల్లోనూ ఒకే మడి ముందుంటేనే అది ఎరువు వల్ల వచ్చిన తేడా అనుకోండి. ప్రతి కోతకూ ముందు నాలుగు రోజులు ఎండగా ఉందా, ముసురుగా ఉందా అన్నది కూడా పుస్తకంలో రాయండి.

అంకెలను పోల్చుకోవడానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన 528 ఆహారాల పోషక విలువల పట్టికలు ఉన్నాయి. అవి సగటు విలువలని గుర్తుంచుకోండి. ప్రయోగశాలకు ఇవ్వాలనుకుంటే, రెండు మడుల నమూనాలనూ ఒకే సాయంత్రం కోసి, మంచినీటితో మూడుసార్లు కడిగి, ఐస్ పెట్టెలో అదే రోజు అందజేయండి. కడగకుండా ఇస్తే ఆకుపై ఉన్న దుమ్ములోని ఇనుము కూడా లెక్కలో చేరి, నివేదికలో లేని బలం కనిపిస్తుంది. విటమిన్ సి పరీక్ష అడిగేటట్లయితే నమూనా ఎప్పుడు తీసుకుంటారో, ఎప్పుడు పరీక్షిస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. శుక్రవారం ఇచ్చిన కట్టను సోమవారం పరీక్షిస్తే వచ్చే అంకెకూ మీ మడికీ సంబంధం ఉండదు.